మందలకును చరిత్ర కలదు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున తూర్పుదెసకు సాగు బాటసారికి నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లియొద్ద దారి రెండుగా చీలును. ఒకటి సూర్యాపేట మీదుగా సూటిగా పోవును. రెండవది దక్షిణమునకు మఱలి, నల్లగొండ మిర్యాలగూడలను గడచి, వాడపల్లియొద్ద కృష్ణను దాటి, పల్నాటి గుండా అద్దంకి చేరును. ఆ అద్దంకిసీమ ఒంగోలు గిత్తలకు పుట్టినిల్లు. నార్కట్‌పల్లికి నైరృతిగా దేవరకొండను, దిండి యేటిని దాటిపోయినచో నల్లమల కొండలపై అమరాబాదు పీఠభూమి కానవచ్చును. అది పొడ తూర్పు పశువుల నెలవు. ఇక నార్కట్‌పల్లి చుట్టునుగల ఎఱ్ఱచెలకలు, చెఱువుగట్టు మొదలైన రాతిగుట్టల సానువులు, వానకు నిండి వేసవికి ఎండు కుంటలు, తరతరములుగా నల్లని దక్కని గొఱ్ఱెల మందలకు మేతపట్టులు. ఒక్క కూడలినుండి చేరదగిన ఈ మూడు సీమలలో మన పూర్వులు మూడు పశుజాతులను తీర్చిరి. ఆ మూడింటి చరిత్రయు వేర్వేఱు రీతుల అపహృతమైనది. అందు కొంతభాగము మన కాలమున మరల దక్కినది. ఆ అపహరణ మెట్లు జరిగెనో, ఆ పునఃప్రాప్తి యెట్లు సిద్ధించెనో, ఇంకను దక్కవలసిన దేమి మిగిలియున్నదో తెలుపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

పశుజాతి యనునది ప్రకృతి తనంతట తాను సిద్ధపఱచి మనుష్యుని చేతికిచ్చిన వస్తువు కాదు. ఏ కోడెను ఆబోతుగా నిలుపవలెనో, ఏ కోడెను నొక్కించి కాడికి కట్టవలెనో, ఏ పొట్టేలును మందలో ఉంచుకొని దేనిని సంతకు తోలవలెనో నిర్ణయించునది పెంపకందారుని వివేకము. ఆ నిర్ణయము ఏటేట, తరతరమున, ఒకే లక్ష్యముతో, ఒకే నేలపై, ఒకే వానలక్రింద మరల మరల జరిగినప్పుడే ఒక జాతికి ఒక రూపము, ఒక గుణము స్థిరపడును. కావున పశుజాతి చరిత్ర యనగా దానిని తీర్చిన జనుల చరిత్రయే. రాజుల జయాపజయములకన్న ప్రజల తిండి, బట్ట, పని, పండుగలే జాతిచరిత్రకు ప్రాణమని నిరూపించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను 1949లో వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారు అమరాబాదు గల పాలమూరుసీమవారే యగుట మనకు గర్వకారణము. ఆ మహనీయుడు చూపిన త్రోవను పట్టి నడచినచో మందల కాపరులకును చరిత్రలో స్థానము కల్పింపక తప్పదు.

అయితే ఈ చరిత్ర కాగితములపై వ్రాయబడినది కాదు. పాటలలో, కొలుపులలో, జాతరలలో నిలిచినది. గొల్లలకు కాటమరాజు కథ కులపురాణము. మేతబీళ్లకు చెల్లింపవలసిన పుల్లరి విషయమున కాటమరాజునకును, నెల్లూరి మనుమసిద్ధికిని విరోధము పొడమి, ఆ రణమున ఖడ్గతిక్కన నేలకొరిగిన వృత్తాంతమును మందహెచ్చులవారు తెలంగాణమున నేటికిని గొల్లల వాకిళ్లలో గానము చేయుచున్నారు. కురుమలకు బీరప్ప కులదైవము. బీరప్ప, మల్లన్నల కథలను ఒగ్గువారు డోలు మ్రోతల నడుమ రాత్రులు రాత్రులుగా చెప్పుదురు. గొఱ్ఱెలు పుట్టలోనుండి వెలువడినవను కథ దక్కను కాపరుల నోట విశేషముగా వ్యాపించియున్నది. సూర్యాపేటకు చేరువనున్న దురాజుపల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకసారి జరుగు లింగమంతుల జాతరకు యాదవులు లక్షలుగా వత్తురు. ఈ కథలయందును, ఈ కొలుపులయందును మందల రాకపోకలు, మేతల తగవులు, కాపరుల వంశక్రమములు, కఱవుల జ్ఞాపకములు నిక్షిప్తములై యున్నవి. పాటను సాక్ష్యముగా గ్రహింపని కార్యాలయములకు మాత్రము ఈ చరిత్ర లేనట్లే తోచెను. పుస్తకమున లేనిది లోకమున లేదనుకొనుటయే ఇచ్చట మొదటి అపహరణము.

ముందుగా ఒంగోలు సంగతి చెప్పుదును. ఏలనగా అది లోకప్రసిద్ధము. గుండ్లకమ్మ పరీవాహమునను, దాని పరిసరములయందును రైతులు పెంచిన ఈ తెల్లని భారీ పశువులు మద్రాసు రేవునుండి దేశాంతరములకు పోయెను. నెల్లూరు పేరు మీదుగా వానికి ‘నెలోరె’ అను నామము పడెను. 1868లో ఇంగ్లండునకు పోవు ఒక యోడ బ్రెజిలులోని సాల్వడారు రేవున ఆగినప్పుడు అందలి ఒంగోలు జంట అచ్చట అమ్ముడుపోయినదనియు, 1878లో లెంగ్రూబరు అను బ్రెజిలు పెంపకందారుడు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఈ పశువులను చూచి మెచ్చి కొనిపోయెననియు ఆ దేశపు పశుచరిత్రకారులు వ్రాసియున్నారు. 1938లో ఉబెరాబా నగరమున భారతీయ పశువులకు వంశావళి గ్రంథములు తెఱవబడెను. 1960 దశకారంభమున తుదిసారిగా ఒంగోలు పశువులు ఓడలెక్కి, సముద్రమధ్యమునగల ఫెర్నాండో డి నొరోన్యా ద్వీపమున రోగపరీక్షకై నిలిచి, బ్రెజిలు చేరెను. ఆ మందలో ఒంగోలుకు దాపుననున్న కరవది గ్రామపు పేర ప్రసిద్ధినొందిన ఆబోతు ఒకటి కలదు. కరవది, చేకూరపాడు, గోదావరి, ఆకాశము వంటి తెలుగు పేళ్లు నేటికిని బ్రెజిలు పశువుల వంశవృక్షములకు మూలమునందు కనిపించును. ఇరువది కోట్లకు మించిన ఆ దేశపు పశుసంపదలో మాంసమునకై పెంచు మందలయందు అధికభాగము ఈ రక్తమే. వియాటినా-19 అను నెలోరె ఆవు విలువ 2023లో జరిగిన వేలమునుబట్టి నలువది లక్షల డాలర్లకు మించినదని లెక్కగట్టిరి. ఇండోనేసియాలోని సుంబా ద్వీపమునకు డచ్చివారు కొనిపోయిన ఒంగోలు మందలు అచ్చట వేఱొక జాతిగా స్థిరపడినవి. అమెరికావారి బ్రాహ్మణ్ జాతిలోను ఈ రక్తము కలసియున్నది.

ఈ పశువులను విదేశీయులు సొమ్మిచ్చి కొనిరి. వారిని దొంగలనుట న్యాయము కాదు. వారు వానిని శ్రద్ధతో పెంచిరి, లెక్కలు వ్రాసికొనిరి, జాతిని వృద్ధిపఱచిరి. ఆ శ్రమకు తగిన గౌరవము వారి కీయవలసినదే. అయినను ఒక విషయము మఱువరాదు. ఆ వంశావళి గ్రంథములకు మొదటి పుట ఓడ దిగిన పశువే. ఆ పశువును అట్టి మూపురముతో, అట్టి గంగడోలుతో, అంతటి యెండను సహించు శక్తితో, అంతటి బరువు లాగు బలముతో తీర్చిన అద్దంకి ఒంగోలు కందుకూరు రైతుల శతాబ్దుల యెన్నిక ఆ పుటకు పూర్వమే జరిగిపోయినది. దాని కచ్చట చోటు లేదు. పశువునకు వెల కట్టిరి. పశువును తీర్చిన జ్ఞానమునకు వెలయు లేదు, పేరును లేదు. ఇచ్చట మన నేలపై ట్రాక్టరు వచ్చి కాడెద్దును తొలగింపగా, పాలకొఱకు జెర్సీ హోల్‌స్టీను రక్తముతో సంకరము ప్రబలగా, ఒంగోలు మందలు పలుచబడెను. గుంటూరునకు సమీపమున లాం ఫారమునను, ప్రకాశము జిల్లా చదలవాడలోను ప్రభుత్వక్షేత్రములు ఈ జాతిని కాపాడుచున్నవి. ఒంగోలుకు పేరు నిలిచినది గనుక, ఆ పేరును చేపట్టి దానిని రక్షించుట సాధ్యమైనది. పేరు లేని జాతుల గతి యేమగునో మన మెట్టసీమలు చెప్పును.

నార్కట్‌పల్లి పరిసరముల నల్లగొఱ్ఱె కథ ఇంతకన్న విషాదకరము. దక్కని గొఱ్ఱె మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణముల మెట్టభూములయందు వ్యాపించిన ఉన్నిజాతి. దాని ఉన్ని ముతక. కాని ఆ ముతకదనమే గొంగడికి బలము. ఏటికి రెండుమార్లు ఉన్ని కత్తిరించి, స్త్రీలు రాట్నముపై వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంటమగ్గముపై నేసిన గొంగడి వానలో గొడుగు, చలిలో కప్పు, రాత్రివేళ పఱుపు. కొప్పెరగా మడచి తలపై వేసికొన్న కాపరికి చిత్తకార్తె వానయు లెక్కలేదు. ఆ కాపరి మందను రైతులు తమ చేలలో పెట్టించుకొని, ఎరువునకు ప్రతిగా ధాన్యమిచ్చెడివారు. నల్లని మెఱుపుగల ఉన్ని, దూరము నడువగల కాళ్లు, జడివానను తట్టుకొను దేహము, ఎండుగడ్డితో కాలము వెళ్లించు ఓర్పు, ఇవన్నియు కురుమ గొల్ల కుటుంబములు పొట్టేళ్లను ఎంచి ఎంచి సాధించిన గుణములు. గొఱ్ఱె, గొంగడి, చేనికి ఎరువు, కాపరికి గింజలు అను ఈ నాలుగును ఒకదానిపై నొకటి ఆధారపడిన వ్యవస్థ యది. అందొకటి తెగిన తక్కినవియు సడలును.

ఈ కాపరులనుండి మొదట అపహరింపబడినవి సాక్షాత్తు గొఱ్ఱెలే. నిజాము రాజ్యమున వెట్టి ప్రబలియున్న దినములలో దొరల గడీలలో పెండ్లియైనను పేరంటమైనను, అధికారులు గ్రామమునకు విడిది వచ్చినను, గొల్లకురుమల మందలనుండి పొట్టేళ్లు వెల లేకయే పోవలసియుండెను. కాపరి యెంతో కాలము కనిపెట్టి జాతికై నిలుపుకొన్న పొట్టేలు ఒక్కనాటి విందునకు పోయినచో, ఆ మందకు కలుగు నష్టము ఒక జీవముతో తీరునది కాదు. దానికి పుట్టవలసిన పిల్లల గుణము కూడ దానితోడనే పోవును. 1946 జూలై 4వ తేదీన, నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొర గూండాల తుపాకికి బలియై తెలంగాణ సాయుధపోరాటమున తొలి యమరుడైన దొడ్డి కొమరయ్య కురుమ కులస్థుడు. ఆ పోరాటము భూమికొఱకును, భుక్తికొఱకును, విముక్తికొఱకును జరిగినదని మనము చదువుకొంటిమి. గొఱ్ఱెల కాపరి తన మందపై తన హక్కును నిలుపుకొనుటయు ఆ విముక్తిలో ఒక భాగమే యని చరిత్రకారులు గుర్తింపవలెను.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన అపహరణము బలాత్కారము లేనిది; హితవు పేరిట వచ్చినది. ఉన్ని మెత్తగా ఉండవలెనని విదేశపు పొట్టేళ్లతో సంకరము చేసిరి; అటుపిమ్మట ఉన్నికి గిరాకీ లేదు, మాంసమే లాభమని, ఉన్ని లేని పొడవైన నెల్లూరు పొట్టేలును తెచ్చి మందలలో విడిచిరి. నెల్లూరు గొఱ్ఱె తన సీమలో మేలైనదే. దాని పెంపకందారులును మన గౌరవమునకు పాత్రులే. కాని దానిని నల్లని దక్కని మందలోనికి తోలినంతనే ఉన్ని తఱుగును, గొంగడి నేయుటకు దారము కఱవగును. 1991 తరువాతి వ్యాపారవిధానములచే విదేశపు ఉన్ని చౌకగా దిగుమతి కాగా, ముతక ఉన్నికి మిగిలిన అంగడియు క్షీణించెను. మగ్గములు ఆగెను; మగ్గము ఆగిన యూర నల్లపొట్టేలుతో పని లేకపోయెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ పథకము నారంభించి, ఇరువది గొఱ్ఱెలు ఒక పొట్టేలుగల మందను, 1,25,000 రూపాయల వెలలో నూటికి 75 వంతులు తానే భరించి, గొల్లకురుమల కిచ్చెను. ఆ జీవములను పొరుగు రాష్ట్రములనుండి కొని తెచ్చిరి. 2019 పశుగణనమున తెలంగాణము 1.90 కోట్ల గొఱ్ఱెలతో దేశమున ప్రథమస్థాన మందెను. ఇది సామాన్యవిజయము కాదు. అనేక కుటుంబములకు జీవనాధారము లభించెను. అయితే మంద పెరుగుట వేఱు, జాతి నిలుచుట వేఱు. సంఖ్యను లెక్కించు గణనమున ఈ నేలకు తగిన గుణము లెక్కకు రాకపోయిన, ఒక జాతి చరిత్ర కాపరి యింటనే నిశ్శబ్దముగా చెఱిగిపోవును.

అట్లు చెఱిగిపోవుదానిని మరల నిలుపవచ్చునని మెదకు జిల్లా కాపరులు ఆచరణలో చూపిరి. పశువైద్యురాండ్రు నెలకొల్పిన ‘ఆంత్ర’ సంస్థ తోడ్పాటుతో అచ్చటి గొల్లకురుమలు దక్కని గొఱ్ఱెల మేకల పెంపకందారుల సంఘముగా కూడి, తమ మందలలో మఱల ఉన్నిగల నల్లపొట్టేళ్లను చేర్చుటకు పూనుకొనిరి. ఒకటి రెండు తరముల సంకరముచే మఱుగైన జాతి, ఎన్నిక మాఱినంతనే తిరిగి తలయెత్తునని వారి మందలే చాటినవి. ఈ పునరుద్ధరణమున సంస్థలు తోడు నిలిచినవి, జ్ఞానము కాపరులది. ఏ పిల్ల నిలుచును, ఏ పిల్ల నిలువదు అను విచక్షణ ముసలి కాపరుల యొద్ద మిగిలియుండబట్టియే ఆ పని నెఱవేఱెను. ఆ విచక్షణ మఱియొక తరము గడచిన దొరకునని చెప్పుటకు వీలులేదు.

ఇక అమరాబాదు పొడ తూర్పు పశువుల చరిత్రకు వత్తును. ఇది మన సీమలో పునఃప్రాప్తికి మిక్కిలి స్పష్టమైన నిదర్శనము. నాగర్‌కర్నూలు జిల్లా అమరాబాదు, పదర మొదలగు మండలములలో, నల్లమల యడవి యంచున, ముఖ్యముగా లంబాడీ తండాలవారు ఈ పశువులను పెంచుదురు. దేహముపై తెలుపు గోధుమవర్ణముల పొడలు, పైకి నిటారుగా లేచిన కొమ్ములు, రాతినేలపై అరుగని గట్టిగిట్టలు, మండువేసవిలో దూరపు నీటికి నడిచిపోగల సత్తువ దీని లక్షణములు. పాలు కొద్దిగా ఇచ్చును. ఆ పాలలో అధికభాగమును దూడకే విడుతురు. ఏలనగా పెంపకందారుని రాబడి పాలలో లేదు, బలముగా ఎదిగిన కోడెలో కలదు. ఆ కోడెలను కార్తికమాసమున కురుమూర్తి జాతరకు తోలుకొని పోవుదురు. వడ్డెమానునందు చర్మకారులు కుట్టిన ఉద్దాలను ఊరేగించి స్వామికి సమర్పించు ఆ జాతర పాలమూరుసీమకు పెద్దపండుగ. దానితో కూడిన పశువుల సంతలో మెట్టరైతులు తమ చెలకలకు తగిన కాడెద్దులను బేరమాడి కొందురు. తూర్పుదెసనున్న కొండలనుండి వచ్చు పొడల పశువులని వారు పెట్టుకొన్న పేరే నేడు జాతినామమైనది. సంతలో కొనువాని కన్ను ఏ శాస్త్రగ్రంథమును చదువకయే ఈ జాతిని గుర్తించెను. గుర్తించి ఎక్కువ వెల యిచ్చెను.

సర్కారు లెక్కలలో మాత్రము అది ‘జాతి నిర్ణయింపబడని’ పశువుగానే చిరకాల ముండెను. ఈ మాట కేవలము ఒక వర్గీకరణమని తలచిన పొరపాటు. దేశపు పశుసంవర్ధన విధానమున, గుర్తింపుపొందిన జాతిని దాని స్వస్థలమున అదే జాతి ఆబోతులతో వృద్ధిచేయవలెను. జాతి నిర్ణయింపబడని పశువును విదేశజాతితోనో, మఱియొక స్వదేశజాతితోనో సంకరము చేసి మెఱుగుపఱుపవలెను. అనగా పేరు లేదన్న ఒక్క కారణముచేత ఆ పశువు రూపుమాయుటయే ప్రభుత్వవిధానమున ఉద్దిష్టఫలమగును. తరతరముల శ్రమను ‘ఏ జాతియు కానిది’ అని వ్రాసిన నాడే ఆ శ్రమ అపహృతమైనది. ఆ పిమ్మట జరుగు సంకరము ఆ వ్రాతకు ఫలశ్రుతి మాత్రమే. మద్రాసు రాజధానిలోని పశువులనుగూర్చి లిటిల్‌వుడ్ 1936లో గ్రంథము వ్రాసెను. ఒంగోలువంటి జాతులకు అట్టి గ్రంథములే రక్షాకవచములైనవి. అమరాబాదు గుట్టలమీది తండాకు అట్టి భాగ్యము పట్టలేదు.

ఈ పశువులను పెంచినవారి చరిత్రయు ఇట్లే మఱుగుపడినది. లంబాడీలు, అనగా బంజారాలు, ఒకప్పుడు వేలకొలది పెరికెద్దులపై ధాన్యమును, ఉప్పును దక్కనంతటను చేరవేసినవారు. సైన్యములకు తిండి అందించినవారు. రైలు పట్టాలు, బండిబాటలు వచ్చి ఆ వ్యాపారము కూలిన తరువాత వారు తండాలు కట్టుకొని పశుపోషణమునకు, సేద్యమునకు మఱలిరి. బ్రిటిషువారు 1871లో నేరస్థ జాతుల చట్టము చేసి, పలుప్రాంతములలో బంజారాలను దాని క్రిందికి తెచ్చి, పుట్టుకచేతనే దొంగలని ముద్రవేసిరి. స్వతంత్రభారతము 1952లో ఆ చట్టమును రద్దుచేసెను. ఎద్దుల నడకను, గిట్టల గట్టిదనమును, దూరప్రయాణమునకు తగిన దేహనిర్మాణమును వారెఱిగినంతగా ఎఱిగినవారు అరుదు. అట్టివారి విద్యను గుర్తింపక, వారినే దొంగలని వ్రాసిన చరిత్రను సరిదిద్దుట మన విధి.

ఆ దిద్దుబాటునకు మార్గము ఇట్లేర్పడెను. హర్యానాలోని కర్నాలులో నెలకొన్న జాతీయ పశుజన్యువనరుల సంస్థ 2008 నుండి దేశపు పశుజాతులను నమోదుచేయు పద్ధతి నారంభించెను. ఒక జాతిని నమోదు చేయింపవలెనన్న దాని స్వస్థలమేదో, సంఖ్య యెంతో, కొలతలు వర్ణములు గుణము లెట్టివో, సంతతి లక్షణములు నిలకడగా వచ్చుచున్నవో లేవో, ఇరుగుపొరుగు జాతులతో దానికిగల భేదమేమో ఆధారములతో చూపవలెను. అమరాబాదు పెంపకందారులు పొడలక్ష్మి గోవుసంఘముగా ఏర్పడి, వాసన్ అను సంస్థ తోడ్పాటుతో ఈ పనికి పూనుకొనిరి. తండా తండాకు తిరిగి మందలను లెక్కించి, పశువులను కొలిచి, పెంపకందారులు నోటితో చెప్పిన దానిని కాగితముపైకి తెచ్చిరి. 2020లో పొడ తూర్పు స్వతంత్రజాతిగా నమోదయ్యెను. తెలంగాణమునుండి అట్టి గుర్తింపు నందిన మొదటి గోజాతి యిదియే. కురుమూర్తి సంతలో రైతు తన కన్నులతో ఎన్నడో ఇచ్చిన తీర్పును కర్నాలు సంస్థ తన పట్టికలో వ్రాసికొనెను. ఇకపై ఆ పశువు ‘ఏ జాతియు కానిది’ కాదు. దానికి సొంత ఆబోతులతోనే వృద్ధి జరుపుమని అడుగుటకు తండావారికి ఆధారము చిక్కెను.

ఇది గొప్ప లాభము. అయినను పూర్ణలాభము కాదు. విత్తనముల విషయమున 2001లో చేసిన చట్టము రైతు తీర్చిన వంగడమును రైతు పేరనే నమోదు చేయించుకొను హక్కునిచ్చినది. పశువుల విషయమున అట్టి చట్టము లేదు; జాతి నమోదగుటచే పెంపకందారునకు ఆ జాతిపై స్వామ్యము కలుగదు. ఒంగోలు సంగతిలో జరిగినట్లే రేపు ఈ పశువుయొక్క జన్యుద్రవ్యము ఎచ్చటికైన పోయి ఎవరికైన సిరులు పండించిన, దానిని తీర్చిన తండాకు దక్కునది కేవలము తృప్తియే. రెండవది మేత సమస్య. నల్లమల 1983లో పులుల రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది; పులిని కాపాడుట మన ధర్మమే; కాని ఆ యడవి గడ్డిపై బ్రతికి, ఆ కొండల నడకచేతనే గట్టిపడిన పశువునకు మేతపట్టు లేకపోయిన, పట్టికలో పేరు మిగిలి మంద మాయమగును. 2006 అటవీహక్కుల చట్టము పశుపోషకుల మేతహక్కును గుర్తించినది. దానిని అమలుపఱచి, పులికిని ఆవునకును ఎల్లలు నిర్ణయించుట ప్రభుత్వము, తండా కలసి చేయవలసిన పని. 2007లో స్విట్జర్లాండులోని ఇంటర్‌లాకెనులో నానాదేశములు కూడి పశుజాతుల రక్షణకై చేసిన ప్రకటన పెంపకందారుల పాత్రను అంగీకరించినది. అచ్చట అంగీకరించినదానిని ఇచ్చట చట్టముగా చేయవలెనని కోరుట దురాశ కాదు.

నల్లగొండ సీమకు ఇందుండి నేర్వదగినది స్పష్టము. అమరాబాదునకు దక్కినది ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. పెంపకందారులు సంఘముగా కూడి, తమ పశువును తామే కొలిచి, తమ చరిత్రను తామే చెప్పుకొనుటచే దక్కినది. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతిగ్రామమునను జీవవైవిధ్య యాజమాన్య సమితి యుండవలెను. అది ప్రజాజీవవైవిధ్య పట్టికను సిద్ధపఱుపవలెను. ఆ పట్టికలో చెట్ల పేళ్లతోపాటు మందల చరిత్రయు ఎక్కవలెను: ఈ యూర ఏ కుటుంబమువారు నల్లగొఱ్ఱెలను పెంచిరి, పొట్టేళ్లను ఏ గుణములనుబట్టి ఎంచిరి, ఎచ్చటినుండి తెచ్చిరి, మందలను ఏ కార్తెలో ఏ దిక్కునకు తోలిరి, ఏ యూర మగ్గములు ఆడెను, అవి ఎన్నడు ఆగెను. ఒగ్గువారి కథలను, మందహెచ్చులవారి పాటలను సాహిత్యముగా సేకరించిన పండితులు ఇకపై వానిని పశుచరిత్రకు ఆధారములుగా కూడ పరిశీలింపవలెను. పశువైద్య కళాశాలల విద్యార్థులు శస్త్రములతోపాటు కాగితమును చేబూని కాపరుల గుడిసెలకు పోవలెను. ఆ గుడిసెలో కూర్చున్న ముదుసలి తమకు గురువని ఎఱుగవలెను.

చదువరులకు నా విన్నపమొక్కటి. మీ తాతలలో మందను కాచినవారుండవచ్చును, గొంగడి నేసినవారుండవచ్చును, సంతలో కోడెను ఏఱి తెచ్చినవారుండవచ్చును. వారు బ్రతికియుండగనే వారిని అడుగుడు. వారు చెప్పినదానిని ఊరి పేరుతో, వారి పేరుతో, తేదీతో వ్రాసియుంచుడు. ఆ వ్రాతను గ్రామపంచాయతీకి, బడికి, జిల్లా గ్రంథాలయమునకు అందజేయుడు. పశుజాతిని తీర్చినవారి పేరు వ్రాయని చరిత్ర అసంపూర్ణమైనది. ఆ పేళ్లను వ్రాయగలవారు మనము తప్ప వేఱెవరును లేరు.